మూడు గంటల పెళ్లి వీడియోను డీవీడీ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అక్క పెళ్లి వీడియో మూడు గంటల పది నిమిషాలు ఉంది. ఎక్కువ భాగం వీడియోగ్రాఫర్ ఇచ్చిన ఎంటీఎస్ ఫైళ్లు (కెమెరా నేరుగా రాసినవి), కొంత బంధువులు ఫోన్లలో తీసిన ఎంపీ4లు. దాంతోపాటు మీ అన్నయ్య ఒడుగు నాటి మినీ డీవీ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన గంట నిడివి ఏవీఐ ఫైలు ఒకటి. వరంగల్‌లో మీ అమ్మమ్మగారి దగ్గర టీవీ, డీవీడీ ప్లేయర్ ఉన్నాయి, ఆవిడకు డిస్కులు చేసి ఇవ్వాలి. అమెరికాలో ఉన్న అన్నయ్యకూ ఒక సెట్ పంపాలి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే ఎంపీ4 మాత్రమే వచ్చింది. ఒక ఉచిత కన్వర్టర్ బొమ్మ మీద తన పేరు ముద్ర వేసింది. ఇంకొకటి మూడు గంటలూ ఒకే డిస్కులో ఇరికిస్తే బొమ్మంతా గళ్లు గళ్లుగా కనిపించింది. వీటన్నిటికన్నా మంచి ఎన్‌కోడర్, అంటే వీడియోను డీవీడీకి పనికొచ్చేలా మార్చే సాఫ్ట్‌వేర్, ఏది అన్నది మీ ప్రశ్న.

సికింద్రాబాద్‌లో పెళ్లి వీడియోల ఎడిటింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వీసీడీల కాలం నుంచి ఈ ప్రశ్న వింటున్నాను. సాఫ్ట్‌వేర్ పేరు కావాలంటే ఇప్పుడే చెప్తాను: మీ విండోస్ ల్యాప్‌టాప్‌కు ఏవీఎస్‌టుడీవీడీ, దానిలో ఎన్‌కోడర్‌గా హెచ్‌సీ. రెండూ ఉచితమే. కానీ పేరు తీసుకుని మళ్లీ మూడు గంటలూ ఒకే డిస్కులో పెడితే మళ్లీ గళ్లే వస్తాయి. అందుకే మిగతాది కూడా చదవండి.

ముందు హ్యాండ్‌బ్రేక్ సంగతి. అది చెడ్డది కాదు, దాని పని వేరు. డీవీడీలనూ ఇతర వీడియోలనూ తీసుకుని ఎంపీ4, ఎంకేవీ ఫైళ్లుగా మార్చడానికి పుట్టింది. మీకు కావాల్సింది దానికి ఎదురు దిశ. పాత ప్లేయర్‌లో ఆడే డీవీడీ అంటే డిస్కు మీద ఎంపీ4 ఫైలు కాపీ చేయడం కాదు. అందులో వీడియో ఎంపెగ్-2లో ఉండాలి, మన దేశపు టీవీల పాల్ పద్ధతిలో 720x576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఏసీ-3 గానో, పీసీఎం గానో, ఎంపీ2 గానో ఉండాలి. ఆ రెండూ కలిసి గిగాబైట్ మించని వీఓబీ ఫైళ్లుగా విడిపోయి, పక్కన దారి చూపించే ఐఎఫ్ఓ ఫైళ్లతో, వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌లో కూర్చోవాలి. అంటే ఇక్కడ రెండు పనులున్నాయి. వీడియోను ఎంపెగ్-2గా మార్చడం ఎన్‌కోడింగ్. మెనూ, చాప్టర్లతో ఆ ఫోల్డర్‌ను కట్టడం ఆథరింగ్. కొన్ని సాఫ్ట్‌వేర్లు మొదటిది మాత్రమే చేస్తాయి, కొన్ని రెండోది మాత్రమే, కొన్ని రెండూ చేసి డిస్కు కూడా రాసిస్తాయి. మీలాంటి వారికి రెండూ ఒకే చోట చేసేదే మేలు.

ఇప్పుడు గళ్ల సంగతికి వద్దాం. 4.7 జీబీ డిస్కులో పట్టే బిట్లు ఇన్నే. నిమిషాలు పెరిగే కొద్దీ ఒక్కో సెకనుకు దక్కేవి తగ్గుతాయి. మా పనిలో వాడే లెక్క చాలా సులువు: 600ను నిమిషాలతో భాగించండి. వచ్చిన అంకె వీడియో, ఆడియో కలిపి మీరు వాడుకోగలిగిన సగటు బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లో. కాస్త ఖాళీ వదిలి వేసిన లెక్క ఇది. రెండు గంటలకు 600ను 120తో భాగిస్తే 5 మెగాబిట్లు. మీ 190 నిమిషాలకు 3.15 దాకా వస్తుంది. ఆ బిట్‌రేట్‌లో ఫుల్ సైజ్ పెళ్లి వీడియోను శుభ్రంగా చూపించే ఎంపెగ్-2 ఎన్‌కోడర్ నేనైతే చూడలేదు, ఎంత డబ్బు పెట్టి కొన్నదైనా సరే.

అదే పెళ్లిని రెండు డిస్కులు చేయండి. ఒక్కోదానికి 95 నిమిషాలు. 600ను 95తో భాగిస్తే 6.3. ఆడియోకు 0.2 తీసేస్తే వీడియోకు 6 మెగాబిట్లు దక్కుతాయి. అక్కడ బొమ్మ చాలా బాగుంటుంది. ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా కూడా అక్కడ దాదాపు మాయమవుతుంది. 7, 8 మెగాబిట్ల దగ్గర ఉచిత ఎన్‌కోడర్‌కూ ఖరీదైన ఎన్‌కోడర్‌కూ హాల్లో కూర్చుని చూసేవాళ్లు తేడా పట్టలేరు. 4 మెగాబిట్ల కిందకి దిగినప్పుడే ఏది మంచిదో ఏది కాదో బయటపడుతుంది. కాబట్టి మంచి ఎన్‌కోడర్ కోసం వారం వెతికే కంటే ఇంకో ఖాళీ డిస్కు కొనడం తేలిక, ఫలితమూ ఎక్కువ.

ఒడుగు వీడియో గంటే కాబట్టి లెక్క ప్రకారం 10 మెగాబిట్లు వస్తాయి. అంత వాడకూడదు. డీవీడీ నియమాల్లో వీడియోకు గరిష్ఠం 9.8, అన్నీ కలిపి 10.08. ఇంట్లో రాసిన డిస్కులను అంత వేగంతో చదవలేక పాత ప్లేయర్లు ఆగి ఆగి ఆడతాయి. దానికి 8 దగ్గర ఆపండి, స్థిరమైన బిట్‌రేట్ చాలు. పెళ్లి డిస్కులకు సగటు 6, గరిష్ఠం 8.5 పెట్టి, రెండు పాసుల వేరియబుల్ బిట్‌రేట్ ఎంచుకోండి. మొదటి పాసులో ఎన్‌కోడర్ వీడియో మొత్తం చూసి ఎక్కడ కష్టం, ఎక్కడ సులువు అని రాసుకుంటుంది. రెండో పాసులో దాని ప్రకారం బిట్లు పంచుతుంది. పెళ్లి వంటవాళ్లు ఏ పూటకు ఎంతమంది వస్తారో ముందు అడిగి తర్వాత ఎసట్లో బియ్యం పోసినట్టు. టైము రెట్టింపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

అయినా మీరు నాలుగైదు సాఫ్ట్‌వేర్లు పోల్చి చూసుకోవాలనుకుంటే దానికి సరైన పరీక్ష మీ వీడియోలోనే ఉంది. తలంబ్రాల ఘట్టం నుంచి ఒక్క నిమిషం కత్తిరించండి. వేదిక మీద దంపతులు కూర్చుని ఉండే భాగం తీసుకుని పరీక్షిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, ఏమీ తెలియదు. తలంబ్రాలు వేరు. ఎంపెగ్-2 బొమ్మను 16x16 చుక్కల ముక్కలుగా చూస్తుంది. ఈ ముక్క ముందు ఫ్రేములో ఎక్కడుంది, ఎటు జరిగింది అని వెతికి, జరిగిన దిక్కు మాత్రం రాసుకుని బిట్లు ఆదా చేస్తుంది. పసుపు కలిపిన బియ్యపు గింజలు దోసిళ్ల నుంచి ఒక్కసారిగా పడుతున్నప్పుడు ఒక్కో ముక్కలో పది గింజలు పది దిక్కులకు పోతుంటాయి. వెతికినా పోలిక దొరకదు. అన్నీ కొత్తగా రాయాలి, అంత బిట్‌రేట్ ఉండదు. చేతకాని ఎన్‌కోడర్ అక్కడ వివరాలు చెరిపేస్తుంది: గింజలు పసుపు మరకలవుతాయి, పెళ్లికొడుకు చెంప మీద 8x8 గళ్లు తేలతాయి. సరిగ్గా అదే క్షణంలో ఫోటోగ్రాఫర్ల ఫ్లాషులు పడతాయి. ఒక్క ఫ్లాష్ అంటే ఒక ఫ్రేము మొత్తం తెల్లబడి తర్వాతి ఫ్రేములో మామూలవడం, అంటే ఎన్‌కోడర్‌కు రెండు సార్లు సీను మారినట్టు. మంచిది ఒకట్రెండు ఫ్రేముల్లో తేరుకుంటుంది. లేనిది అర సెకను పాటు బురద చూపిస్తుంది.

ఇంకో నిమిషం హోమం దగ్గర తీసుకోండి. పొగ వెనక చీకటి ఉంటుంది కదా, అక్కడ మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే డీసీ ప్రెసిషన్ అనే సెట్టింగ్‌ను 8 నుంచి 9కో 10కో పెంచి చూడండి. హెచ్‌సీలో ఆ ఆప్షన్ ఉంది. బిట్‌రేట్ 6 దగ్గర ఉన్నప్పుడు 10 పెట్టుకోవచ్చు. పట్టుచీర జరీ అంచు మీద కన్ను వేసి మెరుపు వణుకుతోందా అన్నదీ చూడండి. ఈ రెండు నిమిషాలనూ ఒక డీవీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే డిస్కు) మీద రాసి టీవీలో చూడండి, ల్యాప్‌టాప్‌లో కాదు. ల్యాప్‌టాప్ ప్లేయర్లు ఫీల్డుల (ఒక్కో ఫ్రేములోని రెండు సగాల) తప్పులను సొంతంగా సర్ది చూపిస్తాయి, డీవీడీ ప్లేయర్ సర్దదు.

ఫీల్డుల మాట వచ్చింది కాబట్టి, గళ్ల తర్వాత ఎక్కువ డిస్కులు పాడయ్యేది ఇక్కడే. ఎన్‌కోడర్ నాణ్యత ఎంత ఉన్నా ఈ ఒక్క సెట్టింగ్ తప్పితే వీడియో చూడలేం.

మన దగ్గర పెళ్లిళ్లకు వాడిన హ్యాండీక్యామ్‌ల ఎంటీఎస్ ఫైళ్లు ఎక్కువగా 1080 లైన్ల ఇంటర్‌లేస్డ్ వీడియో. అంటే ఒక్కో ఫ్రేములో రెండు సగాలు ఉంటాయి, వీటినే ఫీల్డులంటారు: సరి లైన్లు ఒక క్షణానివి, బేసి లైన్లు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. దీన్ని 576 లైన్లకు తగ్గించేటప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు సగాలనూ ఒకే బొమ్మ అనుకుని కుదించిందంటే రెండు క్షణాలూ కలిసిపోతాయి. కదిలే చేతికి రెండు చేతులు కనిపిస్తాయి, అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి, తర్వాత బాగుచేయడం ఎవరి వల్లా కాదు. సరైన పద్ధతి: ముందు సెకనుకు 50 పూర్తి బొమ్మలుగా విడదీయాలి, అప్పుడు సైజు తగ్గించాలి, మళ్లీ ఇంటర్‌లేస్ చేసి ఎన్‌కోడ్ చేయాలి. ఏవీఎస్‌టుడీవీడీ లోపల అవిసింత్ స్క్రిప్టు, అంటే వీడియోను ఎలా మార్చాలో లైన్లుగా రాసిన ఫైలు, నడుస్తుంది, దాన్ని తెరిచి ఈ పని చేయించుకోవచ్చు. నేను దాన్ని మొదట చెప్పడానికి పెద్ద కారణం ఇదే. అంత ఓపిక లేకపోతే డీఇంటర్‌లేస్ చేసి, అంటే సగాలను పూర్తి బొమ్మలుగా మార్చి, సెకనుకు 25 పూర్తి ఫ్రేములుగా ఎన్‌కోడ్ చేయండి. కదలికలో నున్నదనం కొంచెం తగ్గుతుంది, కానీ బొమ్మ చెడదు. అమ్మమ్మగారికి తేడా తెలియకపోవచ్చు. బరాత్‌లో డ్యాన్సు చేసినవాళ్లకు తెలుస్తుంది.

మినీ డీవీ టేపు ఇంకో రకం. అది పాల్ డీవీడీ సైజులోనే 720x576 ఉంటుంది, కుదించాల్సిన పని లేదు. డీఇంటర్‌లేస్ అసలు చేయకండి. కానీ డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, హెచ్‌డీ కెమెరాల్లో పై ఫీల్డు ముందు వస్తుంది. ఎన్‌కోడర్‌కు ఈ విషయం సరిగ్గా చెప్పకపోతే కదిలేదల్లా రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తూ వణుకుతుంది. నిశ్చలంగా ఉన్న బొమ్మలో తప్పు తెలియదు కాబట్టి కెమెరా పక్కకు తిరిగే చోట చూసి నిర్ధారించుకోండి. ఒడుగు ఫైలుకు బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ అని పెట్టండి. నాటి టేపుల్లో కొన్ని 32 కిలోహెర్ట్జ్ శబ్దంతో రికార్డయ్యాయి. మీదీ అలాంటిదైతే 48కి మార్చాలి, మంచి సాఫ్ట్‌వేర్లు అడగకుండానే మారుస్తాయి. బొమ్మ ఆకారం కూడా చూసుకోండి. అప్పటి టేపులు ఎక్కువగా 4:3. దాన్ని 16:9కి సాగదీస్తే వటువు లావుగా కనిపిస్తాడు. పక్కన నల్ల పట్టీలు వచ్చినా ఫర్వాలేదు, 4:3గానే ఉంచండి.

ఫోన్ వీడియోల్లో ఇబ్బంది వేరే. ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, అదీ నిలకడగా కాదు, వెలుతురు తగ్గితే 24కీ 20కీ దిగుతాయి. నిలకడ లేని ఈ ఫైలును నేరుగా డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మొదట్లో బాగుంటుంది, పది నిమిషాలయ్యేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఇక్కడ మీ హ్యాండ్‌బ్రేక్ పనికొస్తుంది. అందులో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, ఫ్రేమ్‌రేట్ 25 పెట్టి, క్వాలిటీ ఆర్ఎఫ్ 16 దగ్గర ఉంచి ముందు ఒక ఎంపీ4 చేయండి. ఆ ఫైలును డీవీడీ సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. 30 నుంచి 25కి వచ్చేటప్పుడు ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది, నడిచేవాళ్లు కొంచెం కుదుపుగా కనిపిస్తారు. ఫ్రేములను కలిపి నున్నగా చేసే పద్ధతులున్నాయి గానీ వాటిలో నీడలు వస్తాయి, నాకు కుదుపే నయం అనిపిస్తుంది. ఇకముందు ఇంట్లో ఫంక్షన్లు తీసేటప్పుడు ఫోన్లో 25 ఫ్రేములు ఎంచుకునే వీలుంటే అది పెట్టుకోండి. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించే ఆప్షన్ ఉంది.

బంధువులు వాట్సాప్‌లో పంపిన వీడియోలు వాడకండి. వాట్సాప్ వాటిని ఎప్పుడో పిండేసి ఉంటుంది. తీసినవాళ్ల ఫోన్ నుంచి కేబుల్‌తో గానీ, డాక్యుమెంట్‌గా పంపించుకుని గానీ అసలు ఫైలు తెప్పించండి. వీడియోగ్రాఫర్ దగ్గర కూడా ఎడిట్ చేసి పిండిన కాపీ కాకుండా కెమెరా ఫైళ్లే ఉన్నాయని చూసుకోండి.

శబ్దానికి ఏసీ-3 స్టీరియో, 224 కిలోబిట్లు పెట్టండి. పిండని శబ్దమైన పీసీఎం పెడితే 1.5 మెగాబిట్లు అదే తినేస్తుంది, ఆ బిట్లు బొమ్మకు దక్కాలి. సన్నాయి, డోలు ఉన్న చోట శబ్దం ఎలాగూ పగిలి ఉంటుంది కెమెరా మైకులో. ఎన్‌కోడర్‌లో వాల్యూమ్ ఇంకా పెంచే నార్మలైజ్ ఆప్షన్ ఉంటే దాన్ని ఆపేసి వినండి, చాలాసార్లు అదే బాగుంటుంది.

ఇక సాఫ్ట్‌వేర్లు. మనకు దొరికే చాలా కన్వర్టర్ల లోపల పనిచేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామే, ఉచితమైనా డబ్బు పెట్టి కొన్నదైనా. మీరు డబ్బు ఇచ్చేది పైనున్న బటన్లకూ మెనూలకూ. కమాండ్ రాయడం భయం లేకపోతే నేరుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడొచ్చు. అందులో టార్గెట్ పాల్-డీవీడీ అనే ఒక్క ఆప్షన్ ఇస్తే సైజు, ఫ్రేమ్‌రేట్, 48 కిలోహెర్ట్జ్ ఏసీ-3, 6 మెగాబిట్ల బిట్‌రేట్ అన్నీ తనే పెట్టుకుంటుంది. కానీ ఆథరింగ్ చేయదు, ఇంటర్‌లేస్ సంగతి మీరే చెప్పాలి. డీవీడీ స్టైలర్ కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీద నడిచేదే. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలో ఉంటుంది, మెనూలు మనిష్టం వచ్చినట్టు గీసుకోవచ్చు. ఉబుంటు వాడే స్నేహితులకు నేను చెప్పేది ఇదే. డీవీడీ ఫ్లిక్ గురించి ఇంకా చాలామంది చెప్తారు, ఒకప్పుడు నేనూ వాడాను, చాలా సులువైనది. కానీ అది 2009 నాటి దగ్గరే ఆగిపోయింది. కొత్త ఫోన్లు వాడే హెచ్ఈవీసీ పద్ధతి 2013లో వచ్చింది. దాని పేరే తెలియని సాఫ్ట్‌వేర్ మీ ఎంపీ4లను ఎలా తెరుస్తుంది?

డబ్బు పెట్టగలిగితే రెండు చెప్తాను. వీఎస్ఓ వాళ్ల కన్వర్ట్‌ఎక్స్‌టుడీవీడీ తొందరలో ఉన్నవాళ్లకు. ఫైళ్లు లాగి వేసి బటన్ నొక్కితే దాదాపు ఏ ఫైలునైనా తీసుకుంటుంది, మెనూ కూడా చేస్తుంది. లోపలి సెట్టింగుల మీద పట్టు మాత్రం తక్కువ. పెగసిస్ అనే జపాన్ కంపెనీ చేసే టీఎంపీజీఎన్‌క్ ఆథరింగ్ వర్క్స్ రెండోది. వీసీడీల కాలం నుంచి ఆ ఎన్‌కోడర్‌కు పేరుంది, తక్కువ బిట్‌రేట్‌లో దాని పనితనం తెలుస్తుంది, ఫీల్డుల ఆర్డర్ కూడా బాగా గుర్తిస్తుంది. దీన్ని వృత్తిగా చేసేవాళ్లు కొనుక్కోవచ్చు. ఒక్క పెళ్లి కోసమైతే నేను కొనమనను. ట్రయల్ వెర్షన్‌తో మీ తలంబ్రాల నిమిషాన్ని చేసి చూసుకుని మీరే తేల్చుకోండి. అడోబీ వాళ్ల డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్‌కోర్ గురించి అడిగితే, అది సీఎస్6తో ఆగిపోయింది. విండోస్ 7లో ఉన్న డీవీడీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 8 నుంచి తీసేసింది, మీ విండోస్ 10లో వెతికినా కనపడదు.

క్రాక్ చేసిన కాపీలు మాత్రం వద్దు. ఇంట్లో అందరి ఫోటోలు, బ్యాంకు పాస్‌వర్డులు ఉన్న ల్యాప్‌టాప్ అది. ఉచితంగా, నిజాయితీగా దొరికేవే ఈ పనికి చాలినంత ఉన్నప్పుడు వైరస్‌ను ఇంటికి పిలవడం ఎందుకు? అలాగే వెతికితే మొదట వచ్చే ప్రకటనల కన్వర్టర్లు. ఉచితం అని రాసి, చివర్లో బొమ్మ మీద ముద్ర వేసి, అది తీయాలంటే డబ్బడిగేవి. మీకు అనుభవమైంది అదే. పేరు ముద్ర వేసే ఏ సాఫ్ట్‌వేర్ మీదా మూడు గంటల వీడియో పెట్టకముందే పది సెకన్లు చేసి చూడండి.

గ్రాఫిక్స్ కార్డు గురించి కూడా కొందరు టెన్షన్ పెడతారు. అక్కర్లేదు. ఎన్‌విడియా కార్డుల్లోని ఎన్‌కోడర్ ఎంపెగ్-2 చేయనే చేయదు. ఈ చిన్న సైజు వీడియోకు మీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ హాయిగా సరిపోతాయి. హార్డ్ డిస్కులో మాత్రం కనీసం 50 జీబీ ఖాళీ ఉంచుకోండి, డీవీ ఫైలు ఒక్కటే గంటకు 13 జీబీ ఉంటుంది.

అన్నయ్య సెట్ విషయంలో నా సలహా వేరు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 480 లైన్లు, సెకనుకు 29.97 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లలో చాలావాటిలో మన పాల్ డిస్కు ఆడదు. మన దగ్గరి ప్లేయర్లు మాత్రం చాలావరకు రెండూ ఆడిస్తాయి. అందుకని అందరికీ ఎన్‌టీఎస్‌సీ చేసేద్దాం అనిపించవచ్చు. కానీ సెకనుకు 50 ఫీల్డుల వీడియోను 60కి మారిస్తే కదలికలో కుదుపు వస్తుంది, బొమ్మ ఎత్తు కూడా 576 నుంచి 480కి పడిపోతుంది. అన్నయ్యకు అసలు డీవీడీ చేయకండి. అవే ఎంటీఎస్ ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ చేసి 1080 సైజులోనే ఎంపీ4 చేసి పెన్ డ్రైవ్‌లో పంపండి. డీవీడీ కన్నా ఎన్నో రెట్లు స్పష్టంగా చూస్తారు. అమ్మమ్మగారి టీవీకీ యూఎస్‌బీ ఉండొచ్చు. అయినా డిస్కు పెట్టి ప్లే నొక్కడం ఆవిడకు అలవాటు, ఫోల్డర్లలో వెతకడం అలవాటు లేదు అన్నారు. మీరు ఆ అలవాటును గౌరవించి ఇంత శ్రమ పడటం నాకు చాలా నచ్చింది.

మెనూ ఆవిడ కోసమే చేయండి. కదిలే బొమ్మలు, సంగీతం అక్కర్లేదు. పెద్ద అక్షరాలతో తెలుగులో నాలుగైదు బటన్లు చాలు. ఐదు నిమిషాలకోసారి చాప్టర్ పెట్టమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, ఒప్పుకోకండి. ఘట్టాల దగ్గర పెట్టండి: స్నాతకం, గౌరీపూజ, ఎదురుకోలు, జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. మొదటి డిస్కు ఎదురుకోలుతో ముగించి, రెండోది జీలకర్రబెల్లంతో మొదలుపెడితే మధ్యలో డిస్కు మార్చేందుకు లేచినా ఏమీ తెగినట్టుండదు. రెండు భాగాలూ సరిగ్గా 95 నిమిషాలు రాకపోతే దిగులు లేదు, 600 లెక్క ఒక్కోదానికి విడివిడిగా వేసుకోండి. తెలుగు అక్షరాలకు సన్నని ఫాంటు వాడకండి. 576 లైన్ల బొమ్మలో, అందులోనూ ఇంటర్‌లేస్‌లో, సన్నని వత్తులూ గుడులూ మినుకుమంటాయి. లావు ఫాంటు, నీడ వేసి. పాత టీవీలు అంచులు కత్తిరించి చూపిస్తాయి కాబట్టి నాలుగు వైపులా పదో వంతు జాగా వదిలేయండి.

డిస్కులు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, కోఠి గుజరాతీ గల్లీలో గానీ చూడండి. ఇప్పుడు ఖాళీ డీవీడీలు అన్ని షాపుల్లో పెట్టడం లేదు, అడిగి వెళ్లండి. పాత ప్లేయర్లకు డీవీడీ మైనస్ ఆర్ ఎక్కువ పడుతుంది. డిస్కులు తయారుచేసిన మోజర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లిపోయింది కాబట్టి ఆ పేరుతో ఎవరైనా ఇస్తే ఎన్నాళ్ల స్టాకో కనుక్కోండి. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్కు ఒక్కటి తీసుకుంటే సరిపోతుందిగా అనకండి. పొర మారే చోట పాత ప్లేయర్లు తడబడతాయి, రెండు మామూలు డిస్కులే నమ్మకం. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ రైటర్ అక్కడే దొరుకుతుంది. దాన్ని హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి, హబ్‌కు పెడితే కరెంటు చాలక మధ్యలో రాయడం ఆగిపోతుంది.

ముందు హార్డ్ డిస్కు మీద వీడియో టీఎస్ ఫోల్డర్ తయారు చేయించండి, నేరుగా డిస్కుకు రాయించకండి. ఫోల్డర్‌ను వీఎల్‌సీలో తెరిచి మెనూ, చాప్టర్లు, చివరి పది నిమిషాల్లో పెదవుల పొంతన చూడండి. తర్వాత ఇమేజ్‌బర్న్‌తో రాయండి. 2013 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పక్కనుంచి వచ్చే అదనపు ప్రోగ్రాములకు టిక్ తీసేయండి. 16 ఎక్స్ డిస్కును 8 ఎక్స్ వేగంతో రాయండి, వెరిఫై ఆప్షన్ తప్పక పెట్టండి. పైన కాగితం లేబుల్ అంటించవద్దు, బరువు ఒక వైపుకు తేలి ప్లేయర్‌లో ఊగుతుంది. డిస్కుల కోసం అమ్మే మార్కర్ పెన్నుతో పేరు, తేదీ రాస్తే చాలు. వరంగల్‌కు రెండు సెట్లు తీసుకెళ్లండి. డిస్కు గీతలు పడే వస్తువు, ఆ సమయానికి మీరు అక్కడ ఉండకపోవచ్చు. కెమెరా ఫైళ్లు ఒక బయటి హార్డ్ డిస్కులో అలాగే దాచుకోండి, డీవీడీ చేశాం కదా అని తీసేయకండి.

మొదలుపెట్టే ముందు మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మీ ఎంటీఎస్ ఫైలు ఒకటి, ఏవీఐ ఫైలు, ఫోన్ ఎంపీ4 ఒకటి తెరవండి. స్కాన్ టైప్, స్కాన్ ఆర్డర్, ఫ్రేమ్‌రేట్ మోడ్, ఆడియో శాంప్లింగ్ రేట్ ఈ నాలుగు వరుసలు ఇక్కడ రాయండి. కొన్ని కెమెరాలు ప్రోగ్రెసివ్ (పూర్తి ఫ్రేముల) వీడియోను కూడా ఇంటర్‌లేస్డ్ అని ముద్ర వేసి రాస్తాయి, అందుకే చేతులు వేగంగా కదిలే చోట ఒక ఫ్రేము ఆపి స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. అవి చూసి అవిసింత్‌లో ఏ లైన్లు మార్చాలో రాసిస్తాను.